సాహ్విర మీద కోపగించకూడదు

బుహేర,
ఆగస్టు 19, 1996.

చెల్లెలు మైదేయికి తపేరా రాసేది.

నువ్వు బాగుంటే నేనూ బాగున్నట్టే. మీ వదిన, అదే మా ఇంటావిడ, కులాసా. నా ఎడమ మోకాలు మాత్రం నాతో సంబంధం లేనట్టు తన దారి తాను చూసుకుంటోంది.

మీ అన్న మజరూరను సాగనంపడానికి నువ్వెక్కిన బస్సు దారిలో చెడిపోయింది. నువ్వొచ్చేసరికి మట్టి కప్పేశాం. తెల్లారగానే మేనకోడలు ముచనేతను వెంటబెట్టుకుని హరారే వెళ్ళిపోయావు. కాబట్టి ఇక్కడ జరిగింది నీకెవరూ చెప్పి ఉండరు, చెప్పినా సరిగ్గా చెప్పి ఉండరు. ఈ ఊళ్ళో వాళ్ళకి ఏ సంగతైనా చివరినుంచి మొదలుపెట్టే జబ్బుంది. నేను చదువుకున్నదంతా కొట్లో చక్కెర పొట్లాలు కట్టే కాగితాల్లోనే కాబట్టి నా చదువు వాక్యం మధ్యలో ఆగిపోతుంది గాని, చెప్పడం మాత్రం మొదటినుంచే చెబుతాను.

పట్నంలో సాహ్విర అంటే బీరు పోయించే స్నేహితుడని అనుకుంటున్నారట. మన దగ్గర అది ఉద్యోగం. మా తాత మీ తాతకు సాహ్విర, మా నాన్న మీ నాన్నకు, నేను మజరూరకు. మీ ఇంట్లో ఎవరు పోయినా ఒళ్ళు కడిగేది మేము, గోతి దగ్గర ముందు నిలబడేది మేము, ఏడ్చేవాళ్ళని నవ్వించేది మేము. పోయినవాడి బట్టలు తొడుక్కుని, వాడిలా నడిచి, వాడిలా దగ్గి, వాడి పిసినారితనాన్ని వాడి ముందే ఎండగట్టినా ఎవరూ పల్లెత్తు మాట అనకూడదు. సాహ్విర మీద కోపగించకూడదు. గవర్నరుకు కూడా లేని సౌకర్యం ఇది.

మజరూర పొడుగు కోటు తొడుక్కున్నాను. ముందు బీరు తాగే సొరకాయ బుర్ర అందుకునే తీరు చూపించాను. ఇతరులకు అందించేటప్పుడు ఆ బుర్ర చేతిలోంచి కదలడానికి పట్టే సమయం నీకు తెలుసుగా. పెద్ద చావడిలో తీర్పులు చెప్పే మామలు కూడా నవ్వు ఆపుకోలేకపోయారు. తర్వాత అసలుది తీశాను. ఈ నాలుగేళ్ళుగా అతనికి ఒక వింత నడక పట్టుకుంది. ఆదివారం చర్చి నుంచి వచ్చేటప్పుడు కోటు అంచులు రెండూ రెండు చేతులా పట్టుకుని, పిల్లల్ని పొదువుకునే కోడిలా విప్పి, మోకాళ్ళు కాస్త వంచి, కూతురి వెనకాలే, పక్కలకు బెదురుచూపులు చూస్తూ. ఎండైనా అదే, చలైనా అదే. ముసలితనం ఒక్కొక్కళ్ళకి ఒక్కో చోట తగులుతుందనుకుని నేనెప్పుడూ అడగలేదు. ఆ నడక నడిచేసరికి ఆడవాళ్ళు ఒకరిమీదొకరు పడి నవ్వారు. ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో అంత నవ్వు నేను పండించలేదు.

ఒక్కటే అర్థం కాలేదు. కుండ అడుగంటుతోందని ముచనేత మధ్యలో లేచి వంటింట్లోకి వెళ్ళింది, మళ్ళీ బయటికి రాలేదు. ప్రయాణమప్పుడు నాతో చెప్పనైనా చెప్పలేదు. ఒంట్లో బాగాలేదా?

మీ అన్నలాంటి
తపేరా


హైఫీల్డ్, హరారే,
సెప్టెంబరు 8.

తపేరా గారికి,

ఉత్తరం అందింది. చాలా బాగా రాశారు.

ముచనేత కాన్పు సంగతి మీకు సగం తెలుసు. సావే నది పొంగి ఉంది, అత్తగారి ఊరినుంచి ఆసుపత్రికి దారి లేదు, రోజుల తరబడి నొప్పులు పడింది, బిడ్డ దక్కలేదు. మిగతా సగం ఇది. ఆ నొప్పుల్లో లోపల చిరిగింది. మూత్రం ఆగేది కాదు. పగలూ రాత్రీ, కూర్చున్నా నడిచినా కారుతూనే ఉండేది. వాసన భరించలేమని అత్తవారు పుట్టింటికి పంపేశారు. పిల్లలు కలగరని పంపారని మనవాళ్ళకి చెప్పుకున్నాం. నిజం తెలిసింది నాకూ అన్నయ్యకూ మాత్రమే.

అన్నయ్య కోటు ఎందుకలా విప్పి పట్టుకునేవాడో ఇంకా చెప్పాలా? వెనక తడి ఎవరికీ కనబడకూడదని.

రెండేళ్ళ క్రితం డాక్టర్లు కుట్టారు. పూర్తిగా నయమైంది. ఆ కబురు దాని ఒంటికి మాత్రం ఇంకా అందలేదు. ఇప్పటికీ తొడలు బిగించి నడుస్తుంది. కుర్చీ అంచున కూర్చుంటుంది, కిందొక మడతపెట్టిన గుడ్డ. పొడిగా ఉన్న ఆ గుడ్డని రోజూ ఉతుకుతుంది. వెనక ఆ కోటు లేకపోతే గడప దాటేది కాదని అన్నయ్య చివరిదాకా అలాగే నడిచాడు.

మీరు పండించిన ఆ నవ్వులో ఎవరో ఒకావిడ "ఓహో, అత్తవారు వదిలేసింది అందుకా" అందట. ముచనేత వంటింటి గోడకి లోపలివైపు నిలబడి విన్నది. తర్వాతి మాటలు కూడా విన్నది. అవి రాయను.

పిల్లని ఓదార్చడానికి మీమీద నాలుగు తిట్లు తిడదామంటే ఆచారం ఒప్పుకోదు. మా తాతలు అంత జాగ్రత్తగా కట్టుదిట్టం చేశారు. కాబట్టి ప్రస్తుతం నేను గిన్నెల మీద కోపగించుకుంటున్నాను. రెండు సొట్టలు పోయాయి.

మైదేయి


బుహేర,
అక్టోబరు 2.

చెల్లీ మైదేయికి,

మీరు అని రాశావు. ఎన్నేళ్ళొచ్చినా నన్ను నువ్వు అనే పిలిచినదానివి. సరే.

మీ నాన్న పోయినప్పుడు మా నాన్న ఏం చేశాడో గుర్తుందా? పాడె మీద పడుకుని, నన్నే ముందు పూడ్చండి, వీడికి దారి తెలియదు అన్నాడు. నలుగురు కలిసి దింపాల్సి వచ్చింది. మీ అమ్మ ఏడుస్తూ ఏడుస్తూ నవ్వి, ఆ రోజే మొదటిసారి అన్నం ముట్టింది. ఈ ఉద్యోగం ఎందుకుందో చెప్పడానికి రాస్తున్నాను. ఇప్పుడు ఆ కథ నాకే చప్పగా ఉంది.

నాకు తెలియదు. తెలిస్తే చేస్తానా? నడకను నడకగా చూశాను. దాని వెనక ఏముందో అడగడం సాహ్విర పని కాదు. కనబడింది చూపించడమే పని. మీ ఇద్దరూ నా దగ్గర దాచారు. దాచినదాన్ని తొక్కినవాడిది తప్పంతా ఎలా అవుతుంది? రాత్రి మీ వదినతో ఇదే అంటే, ఆవిడ చాప ఇంకో పక్కకి ఈడ్చుకుంది.

పెద్దలు కూర్చున్నారు. వచ్చే ఏడు రాగులు కోసి, బీరు కాచి, మజరూర ఆత్మను ఇంటికి తీసుకొచ్చే కార్యం పెట్టాలన్నారు. సమాధి నుంచి ఇంటిదాకా ముందు నడవాల్సింది బిడ్డ. అతనికి ఉన్నది ఒక్కర్తే. ఆ పిల్ల రాకపోతే కార్యం లేదు. కార్యం లేకపోతే మీ అన్న బయటే పొదల్లో తిరుగుతూ ఉండాలి. ఇది ముచనేతకు నచ్చజెప్పు.

వేరుశనక్కాయలు బస్సు కండక్టరు చేత పంపుతున్నాను. దారిలో వాడు తినేవి పోగా మిగిలినవి మీవి.

తపేరా


హైఫీల్డ్, హరారే,
ఫిబ్రవరి 11, 1997.

తపేరా గారికి,

కాయలు అందాయి. ఇన్నాళ్ళూ జవాబు రాయలేదు, రాస్తే ఏం రాస్తానో తెలియక.

ముచనేతకు నేను నచ్చజెప్పను. నాన్న ఇంటికి రావాలంటే నేను లేకుండా రమ్మనండి అంది. ఆ మాట అన్న రాత్రంతా గోడవైపు తిరిగి పడుకుంది.

మా చర్చి వెనక హాల్లో నొమలంగ అని బులవాయోవైపు ఆవిడ ఒకరు ఆడవాళ్ళతో పనిచేస్తోంది. యుద్ధంలో నలిగినవాళ్ళు, మొగుడి చేతిలో నలిగినవాళ్ళు, ముచనేతలాంటివాళ్ళు. నేను మొదట నమ్మలేదు. ఎందుకంటే కథ చెప్పమనదు. మందివ్వదు. చెప్పులు విప్పమంటుంది. సిగ్గు నోటికంటే ముందు ఒంట్లోకి వెళుతుందట. మెడ వాలుతుంది, చూపు పడిపోతుంది, ఊపిరి పైపైన ఆడుతుంది, మనిషి తనను తాను చిన్నది చేసుకుంటుంది. నోరు ఎంత సర్దిచెప్పినా ఒళ్ళు వినదట, ఒంటికి ఒంటి భాషలోనే చెప్పాలట. "అది నీలో ఎక్కడ కూర్చుంది?" అని అడిగింది. ముచనేత నడుము కింద చెయ్యి పెట్టింది. "సరే, అక్కడే ఉండనీ. దాన్ని పొమ్మనకు. ఇప్పుడు నీ మడమలు ఎక్కడున్నాయి?" అంది. నేలమీద ఉన్నాయని తెలుసుకోవడానికి ఆ పిల్లకి వారం పట్టింది.

ఒకరోజు నేనూ నొమలంగా పోట్లాడుకున్నాం. తలెత్తమంది. మా పిల్లలు పెద్దల ముందు తలెత్తరు, అది మర్యాద, మీ వైపు లేదేమో అన్నాను. ఆవిడ నవ్వింది. "అత్తమ్మా, నేనూ కోడల్నే. మర్యాదకి వంగిన మెడ మెత్తగా ఉంటుంది, సిగ్గుతో వంగింది కట్టెలా ఉంటుంది. వేలు పెట్టి చూడు" అంది. ముందు నా మెడ వెనక, తర్వాత పిల్ల మెడ వెనక వేలు పెట్టించింది. ఆవిడ చెప్పింది నిజమే.

క్రిస్మస్ ముందు ముచనేత కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చుంది. గుడ్డ లేకుండా. నేను చూడనట్టు ఉల్లిపాయలు తరిగాను.

అక్కణ్ణుంచి బండి ముందుకు పోవడంలేదు. ఇప్పుడు నొమలంగ ఒక పని చేయిస్తోంది. ఇద్దరు ఎదురెదురుగా నిలబడతారు. ఒకరు రెండు అరచేతులు అవతలివాళ్ళ మీద ఆనించి నెట్టాలి. అవతలివాళ్ళు పడిపోకూడదు, తిరిగి నెట్టకూడదు, ఉండాలి, అంతే. సిగ్గు అడుగున కోపం ఉంటుందట, అది చేతుల్లోకి రావాలట. మిగతా ఆడవాళ్ళు గోడలు కదిలేట్టు నెడుతున్నారు. ముచనేత చేతులు ఆనించగానే మోచేతులు వదిలేస్తాయి. ఎందుకు ఆగిపోతున్నావని నొమలంగ అడిగితే, "తపేరా బాబాయ్ మీద కోపగించకూడదుగా" అంది.

మీరు ఆ హాల్లో లేరు. అయినా దాని మోచేతుల మధ్య మీరే నిలబడి ఉన్నారు.

ఒక ప్రశ్న అడుగుతాను. నిజం రాయాలనిపిస్తేనే జవాబు రాయండి. మీరు మనుషుల నడక చూసి బతికినవారు. కొట్టువాడి కూతురు గర్భవతి అని దాని తల్లికంటే ముందు మీరు చెప్పారు. అలాంటి మీకు ఆ కోటు సంగతి నిజంగా తెలియదా?

మైదేయి


బుహేర,
ఏప్రిల్ 20.

మైదేయీ,

వర్షాలు బాగా పడ్డాయి. రాగులు మోకాలెత్తు దాటి ఉన్నాయి. మా పక్కింటి మురాంబో ఎద్దు కంచె దూకి ఒక మూల మేసింది, దాని గురించి రెండు పేజీలు రాసి చించేశాను. నీ ప్రశ్న చుట్టూ తిరగడానికే ఆ ఎద్దు పనికొచ్చిందని నాకే అర్థమైంది.

నొమలంగ చెప్పినట్టు నేనూ చేసి చూశాను. మేకల దొడ్లో, చెప్పులు విప్పి. మీ వదిన చూసి, కాళ్ళకి ఏం అంటించుకున్నావు అంది. మడమలు వెతుక్కుంటున్నానన్నాను. నాటువైద్యుణ్ణి పిలవనా అంది. మేకలు మాత్రం మర్యాదగా చూశాయి.

అలా నిలబడి, మజరూరలా చేతులు చాపాను. కోటు లేకుండానే. ఆ రోజు ఏం జరిగిందో అప్పుడు దాచడానికి వీల్లేకపోయింది.

నా పని కళ్ళతో చేసేది కాదు చెల్లీ. ఒకడి నడక నడిస్తే వాడి ఒంట్లో ఉన్నది మన ఒంట్లోకి వస్తుంది. తాగుబోతులా నడిస్తే నాలుక ఎండుతుంది. అప్పులవాడిలా నడిస్తే వీపు చల్లబడుతుంది. అందుకే నేను మంచి సాహ్విరను. ఆ రోజు కోటు విప్పి మోకాళ్ళు వంచగానే నా చేతులు ఒక ఎత్తు దగ్గర ఆగాయి. అది ఒక ఆడమనిషి నడుము ఎత్తు. నా ఒళ్ళు దేన్నో దాస్తోందని, భయపడుతోందని, దాని మీద చచ్చేంత ప్రేమగా ఉందని నాకు తెలిసింది. ఏమిటో పూర్తిగా తెలియదు. ఇది చూపించాల్సింది కాదు అని మాత్రం తెలిసింది.

అప్పటికే నవ్వు మొదలైంది.

నువ్వెప్పుడూ అంతమంది నవ్వు మధ్యలో నిలబడలేదు. నిలబడినవాడికి అది వేడినీళ్ళ స్నానంలా ఉంటుంది. నేను ఆగలేదు. ఆగకపోవడమే కాదు, ఆడవాళ్ళు కూర్చున్న వైపుకి తిరిగి ఇంకోసారి నడిచాను, ఆ మూల సరిగ్గా కనబడలేదేమోనని. ముచనేత లేవడం చూశాను. కుండ అడుగంటడంలేదని నాకు తెలుసు. వాసనే రాలేదు. నీకు రాసిన ఉత్తరంలో కుండ అని రాశాను.

నాకు తెలియదని నీకు చెప్పాను. మీ వదినకి చెప్పాను. ఎనిమిది నెలలుగా నాకు నేను చెప్పుకుంటున్నాను.

ఇది ముచనేతకి చదివి వినిపిస్తావో పొయ్యిలో పెడతావో నీ ఇష్టం. క్షమించమని రాయడంలేదు. సాహ్విర క్షమాపణ అడిగితే అవతలివాళ్ళు ఒప్పుకోక తప్పదని ఆచారం, అది కూడా మన తాతలే కట్టారు. ఆ తలుపు కూడా మూసేసి ఆ పిల్లని లోపల పెట్టలేను.

తపేరా


హైఫీల్డ్, హరారే,
జులై 6.

అన్నా,

చదివి వినిపించాను. మధ్యలో ఆపమంటుందేమో అనుకున్నాను, ఆపమనలేదు. ఆఖర్న ఒకే మాట అంది, "అయితే ఆయనకి తెలుసు." ఆ రాత్రి మొక్కజొన్న సద్జా ముద్ద ముట్టుకోలేదు. మర్నాడు హాల్లో నొమలంగని నెట్టింది. నొమలంగ ఏనుగులాంటి మనిషి. ఆవిడ కాళ్ళు సిమెంటు మీద జారాయి.

తెలియక చేశారని ఇన్నాళ్ళూ నేను సముదాయిస్తుంటే ఆ పిల్లకి ఎక్కడ నెట్టాలో దొరకలేదట. ఇప్పుడు దొరికిందట. నువ్వు చేసినదానికి నిన్ను కొట్టాలని ఉంది, నిజం రాసినందుకు నీ తలమీద చెయ్యి పెట్టాలని ఉంది. ఎటూ తేలక గిన్నెలు తోమాను.

ముచనేత కార్యానికి వస్తానంది. ఎందుకో, వచ్చి ఏం చేస్తుందో నాకు చెప్పలేదు. నేను అడగలేదు. నువ్వు కూడా అడగకు. బీరుకి రాగులు నానబెట్టమని వదినకి చెప్పు.

మైదేయి


బుహేర,
సెప్టెంబరు 14.

మైదేయీ,

మీరు క్షేమంగా చేరారని కండక్టరు చెప్పాడు. కార్యం నాటి పొద్దున నువ్వు వంటింట్లో బీరు కుండల దగ్గర ఉన్నావు. బయట అంత గోల ఒక్కసారిగా ఎందుకు ఆగిపోయిందని సాయంత్రం నన్నడిగావు, నేను చెప్పలేకపోయాను. ముచనేత చెప్పదని నాకు తెలుసు. అందుకని మొదటినుంచి రాస్తున్నాను.

సమాధి దగ్గరికి బయలుదేరడానికి అందరం వాకిట్లో నిలబడ్డాం. ముచనేత ఇంట్లోంచి వచ్చింది. చెప్పులు లేవు. నేరుగా నా ముందుకొచ్చి ఆగింది. మోకాళ్ళు వంచి, చేతులు తట్టి, ఆచారం ప్రకారం దణ్ణం పెట్టింది. మెడ వంచే ఉంది. నువ్వు రాసిన మాట గుర్తొచ్చి చూశాను. మెత్తగానే ఉంది. తర్వాత లేచి, రెండు అరచేతులూ నా గుండెమీద పెట్టింది.

పెద్ద చావడి మామ కర్ర ఊపుకుంటూ లేచాడు. "అమ్మాయ్, సాహ్విర మీద చెయ్యెత్తకూడదు."

"ఎత్తలేదు తాతా. ఆనించాను" అంది.

ఆనించి నెట్టింది.

నేను కదిలాను. ఇప్పుడు నీకు ఒక్కటి చెప్పాలి, ఎందుకంటే ఇది చూసినవాళ్ళెవరికీ తెలియదు. జనం నవ్వడం మొదలుపెట్టారు. సాహ్విర ఏదో మొదలెట్టాడనుకున్నారు, నేను పడతానని ఎదురుచూశారు. నాకు పడటం వచ్చు. తాగినవాడిలా వెనక్కి తూలి, ఒక కాలు గాల్లో ఆడించి, పిరుదులమీద కూలబడటం నా మోకాళ్ళకి నిద్రలోనైనా వచ్చు. అవి అప్పటికే వంగుతున్నాయి. ఆ ఒక్క పడటంతో వాకిలంతా గొల్లుమనేది, ముచనేత కోపం వేడుక అయిపోయేది, నేను మళ్ళీ ఆ వేడినీళ్ళలో ఉండేవాణ్ణి. పడాలని ఎంత అనిపించిందో నీకు చెప్పలేను. సిగ్గుగా ఉంది రాయడానికి.

మడమలు వెతుక్కున్నాను. దొరికాయి. నిలబడ్డాను.

నవ్వు అక్కడక్కడా తెగిపోయింది. ముచనేత నా కళ్ళలోకి చూసింది. పెద్దవాళ్ళ కళ్ళలోకి అలా చూడకూడదు. చూడనీ. "మా నాన్న నడక మీకెవరిచ్చారు?" అంది. గట్టిగా అనలేదు. కడుపులోంచి వచ్చింది.

ఎవరూ ఇవ్వలేదన్నాను.

మళ్ళీ నెట్టింది. ఈసారి మోచేతులు వంగలేదు. నా పాదాలు ఊడ్చిన మట్టిలో వెనక్కి జారుతూ పోయాయి. నేను పడలేదు, తిరిగి నెట్టలేదు. మామ ఇంకా నిలబడే ఉన్నాడు. ఉండనివ్వు మామా అన్నాను. నీకు వంటింట్లోకి వినబడిన నిశ్శబ్దం అదే. నా వీపు పశువుల దొడ్డి కంచెకి తగిలాక చేతులు దించింది. ఇద్దరం రొప్పుతున్నాం.

క్షమించానని అనలేదు. ఆచారం కోసం ఉత్తుత్తిగా అనకపోవడమే, మీ ఇద్దరికీ అంత కీడు చేసినా నాకు దక్కిన మర్యాద. తిరిగి, అందరికంటే ముందు సమాధివైపు నడిచింది. తర్వాత జరిగింది నువ్వూ చూశావు.

మధ్యాహ్నం బీరు బుర్ర తిరుగుతున్నప్పుడు పోయినవాడి వేషం కట్టమని జనం పిలిచారు. లేవబోయి ముచనేతవైపు చూశాను. నేలమీద చాప కూడా లేకుండా కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. తల అడ్డంగా ఊపింది, ఒక్కసారి. కూర్చున్నాను. ఉప్పులేని కార్యమని మామలు ఇంకా గొణుగుతున్నారు.

పుట్టి బుద్ధెరిగాక మీ ఇంట్లో ఏ చావుకీ నేను కూర్చోలేదు మైదేయీ. కడగడం, మొయ్యడం, తవ్వడం, గెంతడం, ఎప్పుడూ నిలబడే ఉన్నాను. ఆ రోజు పనేమీ లేక ఏడ్చేవాళ్ళ మధ్య కూర్చున్నాను. మొదట మోకాళ్ళు వణికాయి. చలేమో అనుకున్నాను, ఎండ మండిపోతోంది. తొడలు వణికాయి, పొట్ట వణికింది, తర్వాత గొంతులోంచి ఒక ఎద్దు రంకె లాంటిది వచ్చింది. మజరూర పోయాడు. చిన్నప్పుడు నాతో పాటు తేనెపట్టు కొట్టి, నాకంటే ఎక్కువ కుట్లు తిని, నాకంటే తక్కువ ఏడ్చినవాడు. పోయి ఏడాది దాటింది, నా ఒంటికి ఆ రోజే తెలిసింది.

నేను మళ్ళీ ఏదో చేస్తున్నాననుకుని పిల్లలు నవ్వారు. ముచనేత నవ్వలేదు. చూస్తూ కూర్చుంది. లేచి నా దగ్గరికి రాలేదు.

రాకపోవడమే సరి. నేను ఏడవడం పూర్తిచేసుకున్నాను.

తపేరా